ఖర్బూజ కాక్‌టెయిల్

ఖర్బూజ వాసన పట్టించిన మద్యంలో నిమ్మరసమో మరో పండ్లరసమో కలిపి, ఐసుతో కుదిపి చల్లబరిచి తాగే తియ్యటి, రంగురంగుల పానీయం. చాలావాటి రంగు మెరిసే ఆకుపచ్చ. 1970ల చివర్లో అమెరికా డిస్కోల్లో పుట్టిన మోజు ఇది. దీనికి మూలమైన సీసా మాత్రం జపానుది. పరికరాలు పెద్దగా అక్కర్లేదు, దినుసులు నాలుగైదుకు మించవు. అందుకే ఇంట్లో మొదటిసారి కాక్‌టెయిల్ కలిపేవాళ్లు తరచూ దీనితోనే మొదలుపెడతారు, తరచూ దీనితోనే దెబ్బతింటారు కూడా. గ్లాసులో పచ్చదనం ఉంటుంది, తీపి ఉంటుంది, పండు మాత్రం ఉండదు. ఎందుకలా అవుతుందో తెలియాలంటే పండు దగ్గర మొదలుపెట్టాలి.

పండు

ఖర్బూజ శాస్త్రీయ నామం కుకుమిస్ మెలో. పైన వల అల్లినట్టుండి లోపల నారింజ రంగు గుజ్జున్న మస్క్ మెలన్, నున్నటి తొక్కతో లోపల లేత ఆకుపచ్చగా ఉండే హనీడ్యూ, రెండూ ఈ జాతివే. మనం పప్పులో వేసుకునే గుండ్రటి పసుపుపచ్చ కూరదోసకాయ, వరుగులు చేసుకునే బుడంకాయ కూడా ఈ జాతివే. సలాడ్‌లో కోసుకునే కీరదోస మాత్రం కుకుమిస్ సటైవస్ అనే వేరే జాతి. అంటే పేరులో 'దోస' ఉన్న రెండింటిలో ఒకటి ఖర్బూజకు తోబుట్టువు, మరొకటి దాయాది. పుచ్చకాయది అసలు ప్రజాతే వేరు, సిట్రలస్.

ఖర్బూజ ఆఫ్రికా పంట అని చాలాకాలం అనుకున్నారు. దాని అడవి బంధువులు ఆసియాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయనీ, కీరదోసతో పాటు ఖర్బూజకు కూడా మూలం ఆసియానేననీ 2010లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. పేరు మాత్రం పారసీ నుంచి వచ్చింది. హిందుస్తాన్‌లో మంచి ఖర్బూజలు లేవని బాబరు తన ఆత్మకథలో వాపోయాడు. కాబూల్ నుంచి వచ్చిన ఒక పండును కోస్తూ కన్నీళ్లు పెట్టుకున్నానని కూడా రాసుకున్నాడు. ఇవాళ అనంతపురం, కడప ప్రాంతాల్లో వేసవికి విరివిగా పండే ఖర్బూజను చూస్తే ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకునేవాడేమో.

పానీయానికి పండును ఎంచుకోవడంలో ఒక్క విషయం మరవకూడదు. ఖర్బూజలో పిండిపదార్థం నిల్వ ఉండదు. అందుకే కోశాక దాని తీపి పెరగదు. మామిడికాయలా గడ్డిలో పెట్టి మాగేస్తే మెత్తబడుతుంది, వాసన కాస్త పెరుగుతుంది, అంతే. వలతొక్క రకాల్లో తీగ మీదే పండినదానికి తొడిమ దానంతటదే ఊడి, ఆ చోట నున్నటి గుంట ఉంటుంది. కత్తితో కోసిన తొడిమ ముక్క ఇంకా అంటుకుని ఉంటే అది తొందరపడి కోసిన కాయ. రెండో కొనను ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రావాలి. రాకపోతే ఎంత పంచదార పోసినా ఆ కాయ కాక్‌టెయిల్‌కు పనికిరాదు.

వాసన, పులుపు

ఖర్బూజ వాసన రెండు పొరలుగా ఉంటుంది. పండు మాగుతున్నప్పుడు ఏర్పడే ఎస్టర్లు అనే సుగంధ పదార్థాలు తియ్యటి, పూలలాంటి వాసననిస్తాయి. కత్తి పడగానే, తెగిన కణాల్లోని ఎంజైములు కొవ్వు ఆమ్లాలను విరిచి తొమ్మిది కార్బన్ల ఆల్డిహైడ్లను పుట్టిస్తాయి. కీరదోస కోసినప్పుడు వచ్చే పచ్చివాసన కూడా ఈ కుటుంబానిదే. అందుకే కోసిన ఖర్బూజలో ఎక్కడో దోసకాయ గుర్తుకొస్తుంది. ఈ రెండు పొరలూ సున్నితమైనవే. పొయ్యి మీద పెడితే ఎస్టర్లు ఎగిరిపోయి ఉడికిన గుమ్మడికాయ వాసన మిగులుతుంది. కోసి ఒక రోజు ఉంచినా బలం తగ్గుతుంది. నారింజ, అనాస మద్యంలో పడ్డా గొంతు పోగొట్టుకోవు. ఖర్బూజ మాత్రం నోరు మెదపదు.

రెండో చిక్కు పులుపు లేకపోవడం. పండిన ఖర్బూజ పీహెచ్ 6కు పైనే ఉంటుంది, అంటే దాదాపు నీటికి దగ్గర. నిమ్మరసం పీహెచ్ 2 కాస్త దాటుతుంది. పులుపు లేని తీపికి అంచు ఉండదు. పైగా దానికి లిక్యూర్ తోడైతే నాలుక మీద పాకం పరుచుకున్నట్టే ఉంటుంది. ఈ పానీయాన్ని నిలబెట్టేది ఖర్బూజ కాదు, నిమ్మకాయ. ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే ఒకసారి నిమ్మ వేయకుండా కలిపి చూడవచ్చు.

మిదోరి

తెలుగు పత్రికల్లో 'లిక్కర్' అంటే మద్యం మొత్తం. 'లిక్యూర్' వేరు. అది పంచదార దండిగా కలిపి, పండో పువ్వో గింజో వాసన పట్టించిన మద్యం. ఖర్బూజ లిక్యూర్లలో ప్రపంచమంతా ఎరిగినది మిదోరి. జపనీస్‌లో ఆ మాటకు ఆకుపచ్చ అని అర్థం.

దీన్ని తెచ్చింది సుంతోరి కంపెనీ. 1899లో షింజిరో తోరీ ఒసాకాలో పెట్టిన దుకాణం అది. ఇవాళ విస్కీకి పేరుపడినా, దానికి తొలి విజయం తెచ్చింది 1907లో వచ్చిన అకదామ అనే తియ్యటి ఎర్ర వైన్. తీపి, రంగు కలిస్తే జనం కొంటారన్న పాఠం ఆ ఇంటికి మొదటినుంచీ తెలుసన్నమాట. 1964లో హెర్మెస్ అనే పేరు కింద ఖర్బూజ లిక్యూర్‌ను జపాన్‌లో అమ్మారు. అదే 1978లో మిదోరి పేరుతో అమెరికా చేరింది. విడుదల వేడుకను న్యూయార్క్‌లో స్టూడియో 54 అనే డిస్కోలో, అంతకుముందు డిసెంబరులో విడుదలై ఊపేస్తున్న 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా బృందంతో కలిపి జరిపారు. తిరిగే దీపాల కింద, గాజుపలక నేల మీద, చేతిలో మెరిసే ఆకుపచ్చ గ్లాసు. రుచి కన్నా ముందు రంగు అమ్ముడుపోయింది.

ఆ రంగు పండుది కాదు. పసుపు రంగు టార్ట్రజీన్, నీలం రంగు బ్రిలియంట్ బ్లూ కలిస్తే వచ్చే ఆకుపచ్చ అది. మన మిఠాయి దుకాణాల్లో పసుపు తెచ్చేది కూడా చాలాసార్లు ఆ టార్ట్రజీనే. ఇందులో ఒక తమాషా ఉంది. మిదోరిలో వాడతామని కంపెనీ గొప్పగా చెప్పుకునే పండ్లలో ఒకటి హొక్కైదో దీవిలోని యుబారి ఖర్బూజ. 2019లో ఆ ఏటి తొలి వేలంలో ఒక జత 50 లక్షల యెన్‌లకు పోయింది. కోసి చూస్తే దాని గుజ్జు నారింజ రంగు! అయినా జపానువాళ్ల మనసులో ఖర్బూజ అంటే ఆకుపచ్చే. గాజుగదుల్లో పెంచి బహుమతిగా ఇచ్చే ఖరీదైన ఖర్బూజల గుజ్జు ఆకుపచ్చనిది. అక్కడి కాఫీ దుకాణాల్లో ఐస్‌క్రీం తేలుతూ వచ్చే మెలన్ సోడా ఆకుపచ్చగా ఉంటుంది. మన కంటికి అలా కాదు. ఆకుపచ్చ షర్బత్ చూస్తే మనకు తోచేది ఖస్, అంటే వట్టివేరు. అందువల్ల తెలుగింట్లో ఈ గ్లాసు అందుకున్నవాళ్లు మొదటి గుటకకు ముందే తికమకపడటం సహజం.

మిదోరిలో ఆల్కహాలు సుమారు 20 శాతం, అంటే వోడ్కాలో సగం. బోల్స్, డి కైపర్ వంటి పాత డచ్ సంస్థలూ ఖర్బూజ లిక్యూర్లు చేస్తాయి. ఏదైనా ఒక్కటే సూత్రం. అది ఒంటరిగా తాగే సరుకు కాదు, కలపడానికి పుట్టింది.

పేరున్న కలయికలు

ఈ కుటుంబంలో పెద్దది మిదోరి సోర్. లిక్యూర్, నిమ్మరసం, పైన కాస్త సోడా. దాని పరువు తీసింది బార్లలో వాడిన 'సోర్ మిక్స్'. నిమ్మరసం పిండే శ్రమ తప్పించుకోవడానికి పంచదార, సిట్రిక్ ఆమ్లం, రంగు కలిపిన పొడిని నీళ్లలో కలిపి పోసేవారు. తీపికి తీపి తోడై ఈ పానీయం చిన్నపిల్లల చాక్లెట్‌లా తయారై, 1990లకల్లా కాక్‌టెయిల్ తెలిసినవాళ్ల దృష్టిలో నవ్వులపాలైంది. తాజా నిమ్మకాయ తిరిగి బార్లలోకి వచ్చాక మళ్లీ తలెత్తుకుంది.

జపనీస్ స్లిప్పర్‌కు పేరు జపానుదే గాని పుట్టుక ఆస్ట్రేలియాది. 1984లో మెల్బోర్న్‌లోని మియెట్టాస్ రెస్టారెంట్‌లో జాఁ పాల్ బుర్గిన్యోఁ దీన్ని రూపొందించాడు. మిదోరి, నారింజ లిక్యూర్ క్వాంట్రో, నిమ్మరసం మూడూ సమపాళ్లు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం తన జాబితాలో చేర్చుకున్నప్పుడు 30, 20, 20 మిల్లీలీటర్లుగా కాస్త సవరించింది. ఈ కుటుంబంలో నాకు పెద్దమనిషి తరహాగా అనిపించేది ఇదొక్కటే.

మెలన్ బాల్ అంటే లిక్యూర్, వోడ్కా, నారింజ లేదా అనాస రసం. జూన్ బగ్‌లో కొబ్బరి రమ్ము, అరటి లిక్యూర్, అనాస రసం కూడా చేరతాయి. అది దాదాపు జాతర. పుచ్చకాయతో చేసేవి వేరే తెగ. పుచ్చరసంలో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి మద్యాన్ని పలచన చేయడానికి తప్ప రుచికి పెద్దగా అక్కరకు రాదు. ఉప్పు, పుదీనా, నిమ్మ తోడుంటే మాత్రం ఎండాకాలం సాయంత్రం ఒప్పుకోవచ్చు.

ఇంట్లో కలపడం

ముందు కొలత. కంటితో పోయడం వల్లే ఇంటి కాక్‌టెయిల్ చెడుతుంది. బార్లో వాడే కొలత గిన్నె లేకపోతే దగ్గు సిరప్ సీసా మీదుండే ప్లాస్టిక్ మూత చాలు. 5, 10, 15 గీతలు దాని మీద ఉండనే ఉంటాయి. మందు కొలిచే మూతతో మందు కొలవడమన్నమాట. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు 60.

ఒక గ్లాసుకు ఖర్బూజ లిక్యూర్ 30, వోడ్కా 30, నిమ్మరసం 20 మిల్లీలీటర్లు తీసుకోవాలి. పాశ్చాత్య పుస్తకాలు చెప్పే లెమన్ మన నిమ్మకాయ కాదు. అది పెద్దది, దాని పులుపు కాస్త సాత్వికం. గూడూరు నిమ్మలాంటి మన చిన్నకాయ రసం ఘాటుగా ఉంటుంది. కాబట్టి ఆ పుస్తకాల్లో 30 అని ఉన్నచోట మనకు 20 సరిపోతుంది. రెండు కాయలు పిండితే వస్తుంది. చేదు దిగకుండా, గింజ నలగకుండా చేత్తోనే పిండాలి.

షేకర్ లేకపోతే మరమూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకోవాలి. అందులో మూడొంతులు ఐసు నింపి, ఈ మూడూ పోసి, మూత బిగించి పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా కుదపాలి. డబ్బా పైన మంచు చెమ్మ పట్టి, చేతికి చలి కొరుకుతున్నప్పుడు ఆపాలి. కుదిపేటప్పుడు ఐసు కరిగి సుమారు పావు వంతు నీరు కలుస్తుంది. అది లోపం కాదు, వంటలో ఎసరు లాంటిది. ఆ నీరు లేకపోతే తీపి, ఘాటు రెండూ విడివిడిగా తగులుతాయి. టీ వడకట్టే జాలీతో కొత్త ఐసున్న గ్లాసులోకి వడగట్టి, పైన 60 మిల్లీలీటర్ల సోడా పోయాలి. సోడాను డబ్బాలో పోసి కుదపకూడదు. ఒకసారి నేను ఆ పని చేశాను. మూత ఎగిరి, వంటింటి గోడ మీద పచ్చమరక వారం పాటు ఉంది.

దిగుమతి లిక్యూర్ అన్నిచోట్లా దొరకదు, దొరికినా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అప్పుడు పండుతోనే పాకం చేసుకోవచ్చు, పొయ్యి ముట్టించకుండా. బాగా పండిన ఖర్బూజ ముక్కలు అరకిలో, పంచదార పావుకిలో, చిటికెడు ఉప్పు గాజుసీసాలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మాగాయ ముక్కకు ఉప్పు పట్టించినప్పుడు ఊట వచ్చినట్టే ఇక్కడ పంచదార ముక్కలోంచి రసాన్ని లాగుతుంది. తెల్లారి పల్చటి గుడ్డలో పోసి, పిండకుండా, దానంతటదే కారనివ్వాలి. పిండితే మడ్డి దిగుతుంది. వచ్చే పాకం లేత తేనె రంగులో, వాసన మాత్రం నిండుగా ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. లిక్యూర్ బదులు ఈ పాకం 30 మిల్లీలీటర్లు, వోడ్కా 45, నిమ్మరసం 20 వేస్తే లెక్క కుదురుతుంది. మిగిలిన ముక్కలను పారేయనక్కర్లేదు, పెరుగులో వేసుకుంటే బాగుంటాయి.

రంగు కావాలనే పట్టుదల ఉంటే రెండు దారులున్నాయి. మొదటిది కీరదోస తొక్క. కొంచెం నీళ్లతో మిక్సీ పట్టి వడగడితే ఆకుపచ్చ రసం వస్తుంది. వాసన కూడా ఖర్బూజకు చుట్టమే కాబట్టి కలిసిపోతుంది. కాని ఆ పచ్చదనం పత్రహరితం, దానికి పులుపు పడదు. గోంగూర ఉడకగానే నల్లబారినట్టు, నిమ్మ పడ్డ తొక్కరసం కాసేపటికి పాచిరంగుకు తిరుగుతుంది. తాగబోయే ముందే కలపాలి. రెండోది పొరలు. పంచదార ఎక్కువున్న ద్రవం బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది, మద్యం ఎక్కువున్నది తేలిక కాబట్టి పైకి తేలుతుంది. గ్లాసు అడుగున ఖర్బూజ పాకం, దానిమీద ఐసు, ఆపైన సోడాతో పలచన చేసిన నిమ్మరసం పోయాలి. చివరగా నాలుగు శంఖుపుష్పాలు నానేసిన నీలం వోడ్కాను చెంచా వీపు మీదుగా నెమ్మదిగా జార్చాలి. నీలం కిందికి దిగి నిమ్మను తాకినచోట ఊదాగా, గులాబీగా మారుతుంది. అడుగున తేనె రంగు, పైన ఊదా. మార్కెట్ పచ్చరంగు కన్నా ఇదే నా కంటికి బాగుంటుంది. ఆకుపచ్చ లిక్యూర్‌లో దానిమ్మ పాకం పోసి రెండు రంగులూ చూద్దామనుకుంటే మాత్రం కలిసిన మరుక్షణం వానాకాలపు గుంటనీళ్లే.

జాగ్రత్తలు

దోసకాయ తరిగేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం మన వంటిళ్ల అలవాటు. ఖర్బూజకూ అది వర్తిస్తుంది. దోస కుటుంబంలో చేదుకు కారణం కుకుర్బిటసిన్లు, అవి ఎక్కువైతే వాంతులు, విరేచనాలు అవుతాయి. చేదు తగిలితే తీపితో కప్పకుండా పారేయాలి. వలతొక్క గరుకుల్లో మట్టి, సూక్ష్మజీవులు దాక్కుంటాయి. కత్తి వాటిని గుజ్జులోకి లాక్కెళ్తుంది. 2011లో కొలరాడోలో పండిన ఖర్బూజల వల్ల లిస్టీరియా సోకి అమెరికాలో 33 మంది చనిపోయారు. కాబట్టి కోయకముందే తొక్కను బ్రష్‌తో రుద్ది కడగాలి, కోసిన ముక్కలను బయట ఉంచకూడదు.

మన దేశపు వోడ్కాలో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. వింతగా కనిపించే ఈ అంకె పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్కలో 75 డిగ్రీలకు సమానం. పైన చెప్పిన మొదటి గ్లాసులో లిక్యూర్, వోడ్కా కలిపి సుమారు 15 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అమెరికా లెక్కలో ఒక ప్రామాణిక డ్రింకు కన్నా కాస్త ఎక్కువ. తీపి, చల్లదనం ఘాటును కప్పేస్తాయి కాబట్టి గ్లాసు తెలియకుండానే ఖాళీ అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అమెరికాలోనూ అంతే. కొన్న మద్యంలో పండు నానేయడం వేరు, ఇంట్లో బట్టీ పెట్టడం వేరు. రెండోది నేరం, ప్రాణాంతకం కూడా.

మద్యం లేకుండా

పండు నుంచి తీసిన పాకం ఉన్నప్పుడు మద్యం లేని గ్లాసు ఏ విధంగానూ తక్కువది కాదు. నిజానికి ఖర్బూజ వాసన అందులోనే ఎక్కువ నిలుస్తుంది. పాకం 45 మిల్లీలీటర్లు, నిమ్మరసం 15, చిటికెడు ఉప్పు, పైన సోడా. సోడా గోలీసోడా అయితే ఇంకా పొందిక. గొంతులో గాజుగోలీ ఉండే ఆ సీసాను 1870లలో రూపొందించింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. మన ఊళ్లకు వచ్చినట్టే అది జపానుకూ వెళ్లింది. అక్కడ దాన్ని రమునే అంటారు. బొటనవేలితో కాకుండా ప్లాస్టిక్ బిరడాతో గోలీని లోపలికి నొక్కుతారు. నిమ్మ రుచి తర్వాత పిల్లలు అడిగే రుచుల్లో ఖర్బూజ ఒకటి. సీసాలో ఆ సోడా రంగు, చెప్పాలా, ఆకుపచ్చే.